మండీకి, నర్సరీకి ఏ టెలిఫోను మేలు?

వ్యవసాయాధికారి, పలమనేరు

పలమనేరు ప్రాంతములో వ్యవసాయము పొలము గట్టుతో ముగియుట లేదు. టమోటా నారు పెంచి అమ్ము నర్సరీలు, చాకీ పురుగులను సాకి పట్టు రైతులకిచ్చు కేంద్రములు, పాలు సేకరించు సంఘములు, మండీలు, ఎరువుల అంగళ్లు, ట్రాక్టర్లు బాడుగకిచ్చువారు – వీరందరును చిన్న వ్యాపారస్తులే. వీరిలో పలువురు స్వయముగా రైతులే. చెన్నై – బెంగుళూరు దారి మీద, మూడు రాష్ట్రములు కలియు చోటికి దగ్గరగా ఉన్న ఊరు గనుక గుడియాత్తము నుండి ఒకరు తమిళములోను, ముళబాగిలు నుండి మరొకరు కన్నడములోను ఫోను చేయుదురు. బేరములు చాలావరకు టెలిఫోను మీదనే నడచుచున్నవి.

"అంగట్లో ల్యాండులైను తీసేసి క్లౌడు ఫోను పెట్టించుకోమంటా ఉండారు సార్, పెట్టించవచ్చునా?" అను ప్రశ్న ఇటీవల రైతు సమావేశములలో వినవచ్చుచున్నది. దీనికి అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పుట సరికాదు. ఫోను ఎత్తువారు ఎందరు, ఫోనులు ఏ వేళ గుంపుగా వచ్చును, అందని ఫోను వలన కలుగు నష్టమెంత అను మూడు విషయములు ముందు చూచుకొనవలెను. అందరును మరచు నాల్గవ విషయము ఒకటి కలదు. ఆ నంబరు ఎవరిది అనునది. నా అభిప్రాయములో అన్నిటి కన్న ఇదే ముఖ్యము.

అందని ఫోను ఖరీదు

పట్టణములోని అంగడికి ఒక ఫోను అందకపోయినచో ఒక బేరము పోవును. మన వ్యాపారములలో సరుకు ప్రాణముతో ఉండును గనుక నష్టము అంతటితో ఆగదు. ట్రేలలో పెంచిన టమోటా నారు 25 నుండి 30 దినములకు నాటుటకు సిద్ధమగును. రైతుకు కబురందక పది దినములు జాప్యమైనచో నారు సన్నగా సాగి, వేళ్లు గుంటలో చుట్టుకొనిపోవును. అటువంటి నారు నాటినను పొలములో త్వరగా కోలుకొనదు. చాకీ పురుగుల సంగతి ఇంకను నాజూకైనది. రెండవ జ్వరము దాటిన పురుగులను రైతుకు అప్పగించు వేళకు అతని ఇల్లు మందుతో శుద్ధియై, లేత మల్బరీ ఆకు సిద్ధముగా ఉండవలెను. "రేపు ఉదయము బండి వచ్చును" అను ఒక్క ఫోను అందకపోయినచో, జ్వరము లేచిన పురుగులు ఆకు లేక మాడును. పట్టుగూళ్లను కూడ అల్లిక మొదలిడిన అయిదారు దినములలో విడిపించి మార్కెట్టుకు చేర్చవలెను. ఆలస్యమైన కొలది బరువు తగ్గును. చిలుక గూడును చీల్చుకొని వచ్చినచో ఆ గూడు దారము తీయుటకు పనికిరాదు.

కావున మన వ్యాపారికి టెలిఫోను అలంకారము కాదు. విత్తనము, ఎరువు వలె అదియు ఒక సాధనము. దానికి పెట్టు ఖర్చును ఆ లెక్కలోనే చూడవలెను.

ఎన్ని లైన్లు కావలెను?

ఈ విషయములో ఊహ మీద ఆధారపడువారు ఎక్కువ. ఒక చిన్న లెక్క చూపెదను. ఒక మండీకి ఉదయము రెండు గంటల వేళలో 40 ఫోనులు వచ్చుననియు, ఒక్కొక్కటి 3 నిమిషములు సాగుననియు అనుకొందము. మొత్తము మాట 120 నిమిషములు. రెండు గంటలనగా కూడ 120 నిమిషములే. "సరిగ్గా సరిపోయినది, ఒక్క ఫోను చాలును" అని తోచును. కాని ఫోనులు క్యూ కట్టి ఒకదాని వెనుక ఒకటి రావు. చినుకుల వలె ఒక్కసారిగా వచ్చి, ఒక్కసారిగా ఆగును. ఎర్లాంగ్ అను డెన్మార్కు గణితవేత్త కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు 1917లో దీనికి ఒక సూత్రము ప్రచురించెను. టెలిఫోను ఇంజనీర్లు నేటికిని దానినే వాడుదురు. ఆ సూత్రము ప్రకారము పై మండీకి ఒక్క లైను ఉన్నచో 40 మందిలో సగటున 20 మందికి ఎంగేజి శబ్దమే వినబడును. రెండు లైన్లున్నచో 8 మందికి, మూడున్నచో ఇద్దరు ముగ్గురికి, నాలుగున్నచో ఒకరికంటె తక్కువ మందికి. విసిగినవారు మరల మరల ప్రయత్నించినచో ఒత్తిడి ఇంకను పెరుగును.

ఒకటి నుండి రెండుకు పోవుటలో ఉన్న లాభము, మూడు నుండి నాలుగుకు పోవుటలో లేదని గమనింపుడు. ఎరువు మోతాదు పెంచిన కొలది దిగుబడి పెరుగుదల తగ్గుటను మనము పొలములో చూచుచునే ఉన్నాము కదా! అయితే లైనుకొక మనిషి మాటాడుటకు ఉన్నప్పుడే ఈ లెక్క నిలుచును. నాలుగు లైన్లు పెట్టి గుమాస్తా ఒక్కడే కూర్చున్నచో, మిగిలిన మూడు ఊరక మ్రోగుచుండును.

తీగ ఫోను

మన దేశములో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో మొదలైనవి. పల్లెలకు చేరుటకు మాత్రము నూరేండ్లు పట్టినది. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ, ఎయిర్ కండిషనరు లేకుండ ఎండలోను దుమ్ములోను పనిచేయు 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేయగా, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది నెలకొల్పబడినది. పల్లె టెలిఫోనుకు అది పెద్ద మలుపు.

రాగి తీగ ఫోనుకు ఒక గొప్ప గుణము కలదు. ఆ తీగలోనే 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుండి వచ్చును. ఇంట కరెంటు పోయినను ఫోను మ్రోగును. మాట స్పష్టముగా ఉండును. నంబరుకు ముందున్న 08579 అను కోడు చూడగానే ఇది పలమనేరు అంగడి అని తెలియును. ఊరు తెలిసిన నంబరుకు ఒక నమ్మకము కలదు. ఒకే ఆవరణలో నలుగురైదుగురు కూర్చొను చోట ఎక్స్ఛేంజీ పెట్టె ఒకటి పెట్టి, రెండు బయటి లైన్లను ఎనిమిది బల్లలకు పంచవచ్చును. లోపల లోపల మాటాడుకొనుటకు ఖర్చు లేదు. పెట్టెను ఒకసారి కొన్నచో నెలనెల బాడుగయు లేదు.

లోపములును ఉన్నవి. రోడ్డు వెడల్పునకు, పైపులకు గుంటలు త్రవ్వినప్పుడెల్ల తీగ తెగును. వానకాలము మొదట ఉరుములతో పడు పిడుగుల వలన పెట్టె కాలిపోవుటయు కలదు. మంచి ఎర్తు, పిడుగు నిరోధకము లేకుండ దీనిని పెట్టరాదు. పైగా రాగి తీగలు క్రమముగా పోయి, వాని చోట గాజు తీగ, అనగా ఫైబరు, వచ్చుచున్నది. మన రాష్ట్రములో 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఫైబర్‌నెట్ పథకము కరెంటు స్తంభముల మీదుగా ఈ తీగను పల్లెలకు లాగినది. బ్రిటనులో రాగి తీగల టెలిఫోనును 2025లో మూసివేయవలెనని మొదట నిశ్చయించి, ఒంటరి వృద్ధుల ఇండ్లలోని వైద్య సహాయ గంటలు ఆ తీగల మీదనే పనిచేయుచున్నందున, గడువును 2027 జనవరి 31 వరకు పొడిగించినారు. కావున ఇప్పుడు క్రొత్తగా ఎక్స్ఛేంజీ పెట్టె కొనువారు రాగి తీగకు మాత్రమే పనికివచ్చునది కొనరాదు. ఫైబరుకు కూడ సరిపోవునదే కొనవలెను.

గాజు తీగలో వెలుగు పోవును గాని కరెంటు పోదు. కరెంటు పోయినచో ఇంటిలోని పెట్టె ఆగును, దానితో ఫోనును ఆగును. మందు కొట్టు బ్యాటరీ స్ప్రేయరులో ఉండునంతటి 12 వోల్టుల, 8 ఆంపియర్-గంటల బ్యాటరీ, 15 వాట్లు తీసుకొను పెట్టెను నాలుగైదు గంటలు నడుపగలదు. స్ప్రేయరు బ్యాటరీని విప్పి తీగలు తగిలించు ప్రయోగము వలదు. ఇందుకై అమ్ము చిన్న యూపీఎస్‌ను తెచ్చుకొనుట మేలు.

క్లౌడు ఫోను అనగానేమి?

క్లౌడు అనగా మబ్బు. వాన మబ్బు కొరకు ఎదురుచూచు మన సీమలో ఈ పేరు విని నవ్వినవారు కలరు. ఇంజనీర్లు పటము గీయునప్పుడు దూరమున ఎక్కడో ఉన్న యంత్రములను మబ్బు బొమ్మతో చూపుట ఆచారము. ఆ బొమ్మయే పేరైనది. ఎక్స్ఛేంజీ పెట్టె మన అంగడిలో ఉండుటకు బదులు, కంపెనీవారి కంప్యూటర్లలో ఉండును. మనము దానిని బాడుగకు వాడుకొందుము. సొంత ట్రాక్టరు కొనుటకును, దుక్కికి ట్రాక్టరును బాడుగకు పిలుచుటకును ఉన్న తేడాయే ఇక్కడను ఉన్నది.

ఇందు రెండు రకములున్నవి. అమ్మువారు ఈ తేడాను విడమరచి చెప్పరు గనుక మనమే అడుగవలెను. మొదటి రకములో కంపెనీ ఒక నంబరు ఇచ్చును. ఆ నంబరుకు వచ్చిన ఫోనును కంపెనీ యంత్రము ఎత్తి, "తెలుగునకు ఒకటి నొక్కుడు" అని చెప్పి, మనము ఇచ్చిన వరుసలో మన మామూలు మొబైళ్లకు పంపును. మొదటివాడు ఎత్తకపోయినచో రెండవవానికి, అతడును ఎత్తకపోయినచో మూడవవానికి పోవును. దీనికి అంగడిలో ఇంటర్నెట్టు అవసరము లేదు. మొబైలు సిగ్నలున్నచో చాలును. ఒకడు నర్సరీలో, ఒకడు మార్కెట్ యార్డులో, ఒకడు ఇంట ఉన్నను ముగ్గురును ఒకే నంబరు క్రింద పనిచేయుదురు.

రెండవ రకములో మాటయే ఇంటర్నెట్టు మీద నడచును. ఒక్కొక్క సంభాషణకు ఇరువైపుల సెకనుకు సుమారు 100 కిలోబిట్లు చాలును. అది పెద్ద వేగము కాదు. కాని డ్రిప్పులో నీటి ఒత్తిడి వలె అది నిలకడగా ఉండవలెను. మాట చేరుటకు సెకనులో ఏడవ వంతు కంటె ఆలస్యమైనచో ఇద్దరును ఒకేసారి మాటాడి, ఒకరి ధర ఒకరికి తప్పుగా వినబడును. రేకుల షెడ్డు లోపల సిగ్నలు పడిపోవును. కౌండిన్య అభయారణ్యపు అంచు పల్లెలలో అన్ని చోట్ల ఒకే సిగ్నలు ఉండదు. అందువలన పట్టణము దాటి ఉన్న మన వ్యాపారులకు మొదటి రకమే తగినదని నా సలహా.

ఒకే నంబరు వెనుక అనేకులు కూర్చొను ఏర్పాటు రైతులకు క్రొత్త కాదు. 2004 జనవరి 21న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన కిసాన్ కాల్ సెంటరు ఇట్లే పనిచేయుచున్నది. దేశములో ఏ మూల నుండి 1800-180-1551కు ఫోను చేసినను, ఆయా ప్రాంతపు భాష తెలిసిన వ్యవసాయ పట్టభద్రుడు జవాబిచ్చును. అతనికి తెలియని ప్రశ్న పై నిపుణునికి పోవును. క్లౌడు ఫోను ఇదే పద్ధతిని చిన్న అంగడికి కూడ అందుబాటులోనికి తెచ్చినది.

దీని ముఖ్య లాభము, ఎవరు ఎప్పుడు ఫోను చేసినది, ఎవరు ఎత్తినది, ఏది అందనిది అంతయు చిట్టాలో పడుట. సాయంత్రము ఆ చిట్టా చూచి అందనివారికి తిరిగి ఫోను చేయవచ్చును. ఒక్కడే నడుపు నర్సరీకి మొబైలులోని మిస్డు కాల్ పట్టికయే ఈ పని చేయును గనుక, దాని కొరకు బాడుగ కట్టనక్కరలేదు. మాటను రికార్డు చేయు సదుపాయము ధర తగాదాలలో పనికివచ్చును. అయితే రికార్డు చేయుచున్నట్లు అవతలివారికి ముందుగా తెలుపవలెను. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసినది. రైతుల నంబర్లు, మాటలు మన దగ్గర ఉన్నవన్న బాధ్యత మరువరాదు.

ఇక ఖర్చు. 2003 నుండి మొబైలుకు వచ్చు ఫోనుకు మనకు ఖర్చు లేదు; ఆ అలవాటుతో క్లౌడు నంబరు తీసుకొన్నవారు మొదటి బిల్లు చూచి తెల్లబోవుదురు. ఇక్కడ వచ్చు ఫోనును మన మొబైలుకు కలుపుటకు కంపెనీ మరొక ఫోను చేయును. ఆ నిమిషములు సాధారణముగా మన లెక్కలోనే పడును. పైన చెప్పిన మండీకి దినమునకు 120 నిమిషముల చొప్పున నెలకు 3600 నిమిషములు. నిమిషమునకు ఎంత, నెల బాడుగ ఎంత, మనిషికి వేరుగా వసూలు కలదా అని అడిగి, ఈ 3600తో గుణించి, పన్నుతో సహా చూచుకొనవలెను. "ఉచిత నెల" అను మాటకు లోబడి సంవత్సరపు సొమ్ము ముందుగా కట్టరాదు. చాలామంది రైతులకు మాటలకు పరిమితి లేని రీచార్జి ఉన్న ఈ దినములలో, చిన్న అంగడికి 1800 నంబరు వృథా ఖర్చని నా ఉద్దేశము.

యంత్రపు పలుకును ముచ్చటపడి పొడిగింపరాదు. "ధరలకు రెండు, రవాణాకు మూడు" అని అయిదారు మెట్లు పెట్టినచో రైతు మధ్యలోనే ఫోను పెట్టివేయును. భాషకు ఒక మెట్టు, ఆ తరువాత మనిషి గొంతు వినబడవలెను. అంకెలు నొక్కుట పాత కీప్యాడు ఫోనులలో కూడ పనిచేయును గనుక, యాప్ దించుకొమ్మని రైతును నిర్బంధింపనక్కరలేదు.

నంబరు ఎవరిది?

నర్సరీ రశీదు మీద, టమోటా బాక్సు మీద, గోడ మీద, బండి వెనుక వ్రాయించిన నంబరు ఇరవై ఊళ్ల రైతుల చిట్టి పుస్తకములలోను, ఫోనులలోను ఉండును. అది పొలము పట్టా వంటి ఆస్తి. క్లౌడు కంపెనీ ఇచ్చు నంబరు కౌలు భూమి వంటిది. బాడుగ ఆపినను, కంపెనీ మూతపడినను అది మన వెంట రాకపోవచ్చును. మొబైలు నంబరును మార్చకుండ కంపెనీ మార్చుకొను సదుపాయము 2011 జనవరి 20 నుండి దేశమంతట ఉన్నది. తీగ ఫోను నంబరుకు ఆ సదుపాయము లేదు. కావున నంబరును మనతో తీసుకొనిపోవచ్చునా అని కంపెనీని అడిగి, జవాబును వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను.

దీనికి సులభమైన ఉపాయము కలదు. రశీదుల మీద మన సొంత నంబరునే ఉంచి, కాలువకు మడవ కట్టి నీరు మళ్లించినట్లు, ఆ నంబరుకు వచ్చు ఫోనులను క్లౌడు నంబరుకు మళ్లించుకొనవలెను. క్లౌడు కంపెనీతో పొసగనప్పుడు మడవ తీసివేసినచో సరి. ఊరివారికి తేడాయే తెలియదు. ఈ మళ్లింపును మోసగాండ్రును వాడుకొనుచున్నారు. ఎవరో ఫోను చేసి, "మీ సిమ్ము ఆగిపోవును, నక్షత్రపు గుర్తు 401 నొక్కి ఈ నంబరు కొట్టుడు" అని చెప్పుదురు. అట్లు చేసినచో మన ఫోనులు, బ్యాంకు రహస్య సంఖ్యలు చెప్పు ఫోనులతో సహా, వారికి పోవును. అందువలననే ఆ విధముగా అంకెలు కొట్టి మళ్లించు పద్ధతిని 2024 ఏప్రిల్ 15 నుండి నిలుపవలసినదిగా టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించినది. మళ్లింపు కావలసినవారు కంపెనీ కార్యాలయము ద్వారానే చేయించుకొనవలెను. డబ్బు పోయినవారు ఆలసింపక 1930కి ఫోను చేయవలెను. గ్రామాధికారులు ఈ సంఖ్యను నోటీసు బోర్డు మీద వ్రాయించుట మంచిది.

సిమ్ము యజమాని పేరనే ఉండవలెను. గుమాస్తా పేర తీసిన సిమ్ము గుమాస్తా వెంటనే పోవును, దానితో ఖాతాదారులును పోవుదురు. ఒకరి పేర 9 సిమ్ములకు మించరాదు. సీజను లేని నెలలలో ఫోను మూలపెట్టువారు ఇంకొకటి గమనింపవలెను. వరుసగా 90 దినములు ఏ వాడుకయు లేని ప్రీపెయిడు నంబరును కంపెనీ తీసివేసి, తరువాత మరొకరికి ఇచ్చుట కలదు. "మీ ఇంట ఒక పెట్టె ఉంచి, అందు సిమ్ములు పెట్టుదుము, నెలకింత బాడుగ ఇత్తుము" అని వచ్చువారిని గుమ్మము ఎక్కనీయరాదు. విదేశపు ఫోనులను దొంగతనముగా దేశములోనికి దించు ఎక్స్ఛేంజీలు అవి. పోలీసులు వచ్చినప్పుడు దొరకునది ఇంటి యజమానియే.

ఎవరికి ఏది?

ఒంటరిగా నర్సరీ నడుపువారికి సొంత పేర ఒక మొబైలు, దానికి తోడు ఇంటివారి చేతిలో రెండవ మొబైలు చాలును. ఒకే గదిలో పనిచేయు సహకార సంఘము, పాల కేంద్రము తమ తీగ ఫోనును తీసివేయనక్కరలేదు. ఫైబరుకు మారినచో బ్యాటరీ మాత్రము తప్పక పెట్టుకొనవలెను. మనుషులు వేరు వేరు చోట్ల ఉండి, ఫోనులు గుంపుగా వచ్చు మండీలకు, చాకీ కేంద్రములకు, పలు ఊళ్ల సభ్యులున్న రైతు ఉత్పత్తిదారుల సంఘములకు క్లౌడు నంబరు నిజముగా ఉపకరించును. చాకీ కేంద్రము వారు మాత్రము బండి బయలుదేరు కబురును యంత్రపు రికార్డు గొంతుకు వదలరాదు. మనిషి ఫోను చేసి, రైతు నోట "సరే" అను మాట విన్న తరువాతనే పురుగులను బండి ఎక్కించవలెను.

మార్పు చేయదలచినవారు ఫోనులు తక్కువగా వచ్చు నెల చూచి చేయవలెను. పాత నంబరును కనీసము రెండు పంటల కాలము ఉంచవలెను. మొదటి వారములోనే పొరుగూరి బంధువు చేత కీప్యాడు ఫోను నుండి తెల్లవారుజామున ఒకసారి, సంత వేళ ఒకసారి, కరెంటు లేనప్పుడు ఒకసారి ఫోను చేయించి, ఎన్ని గంటలకు ఎవరు ఎత్తినది కాగితము మీద వ్రాసి పెట్టుకొనుడు.